ఎనిమిదో దెబ్బ

నీళ్ల తొట్టి పక్కన పీట మీద కూర్చుని అతను ఇటుక ముక్కతో అరికాళ్లు రుద్దుకుంటున్నాడు. కుడికాలు అయిపోయింది. ఎడమకాలు మోకాలి మీదికి లాక్కుని, మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ల దాకా తొందర లేకుండా రుద్దుతున్నాడు. తెల్లటి పొట్టు రాలుతోంది. మధ్యమధ్య బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నాడు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఇటుక ముక్క మళ్లీ అక్కడికే పోతోంది.

మనిషి మొత్తం రాతి పనిలో రాయిలాగే అయ్యాడు. వేళ్ల కణుపులు ఉబ్బి వంకర తిరిగాయి. కనుబొమల్లో పట్టిన దుమ్ము ఎన్ని నీళ్లు పోసుకున్నా పోదు. పాదాలు మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు పల్చగా, ఎర్రగా ఉంటాయి. క్వారీలో లారీ డ్రైవరు వాటిని చూసినప్పుడల్లా, "బాబాయికి ఇంకా పెళ్లిచూపులు అవుతున్నాయిరోయ్!" అంటాడు. అందరూ నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. డ్రైవరు నోరు కదిలింది కాబట్టి నవ్వుతాడు.

అతనికి వినపడదు.

ఎడమ చెవి పడుచుతనంలోనే పోయింది, మందు పేలే చోటికి దగ్గరగా నిలబడ్డందుకు. కుడి చెవి ఒక్కసారిగా పోలేదు. గోడకి వేసిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. మొదట పిట్టలు పోయాయి. తర్వాత కూతురి గాజులు పోయాయి. ఆ తర్వాత వాన పోయింది. క్వారీలో మాత్రం అతన్ని చెవులయ్య అంటారు. సాయంత్రం పేలుళ్లు లెక్కపెట్టేది అతనే మరి.

కూతురు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. అతనితో మాట్లాడాలంటే ఎదురుగా రావాలని ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

"ఈ వారంలో మానేస్తానన్నావు. వారం అయిపోయింది."

"మానేస్తా."

"ఎప్పుడు? నువ్వు ఈల వేస్తే మా ఆయన గోతిలోకి దిగుతాడు నాన్నా. నీకు వినిపించని ఈల అది."

అతను ఇటుక ముక్క కడిగి తొట్టి గట్టు మీద పెట్టాడు. "నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పితే ఒక్కసారే తప్పుతుంది. రెండోసారి ఉండదు."

"నేను తప్పుకుంటే ఇంకొకడు నిలబడతాడు. వాడికి చెవులే ఉంటాయి."

కూతురు కొంగుతో అతని పాదం తుడిచింది. తుడుస్తూనే తలెత్తి, పెదాలు అతనికి బాగా కనిపించేట్టు చెప్పింది. "ఇవాళ నువ్వే చెప్పు. చెప్పకుండా ఇంటికొచ్చావంటే, రాత్రి అన్నాల దగ్గర నేనే చెప్పేస్తా. నీ మీద ఒట్టు."

లోపల్నించి అల్లుడు గునపం భుజాన వేసుకుని వచ్చాడు. పొడుగాటి మనిషి. గుమ్మం తగలకుండా తల వంచడం పెళ్లయి ఇన్నాళ్లయినా అలవాటు కాలేదు, నుదుటి మీద ఎప్పుడూ ఒక బొప్పి ఉంటుంది. "తండ్రీకూతుళ్లు పొద్దున్నే ఏం గూడుపుఠాణీ? పద మామా."

కూతురు లేచి లోపలికి పోయింది.

క్వారీ అంటే కొండని పళ్లతో కొరికి వదిలేసినట్టు ఉంటుంది. లోతైన గొయ్యి, దాని అంచు చుట్టూ లారీలు తిరిగే దారి, ఒక పక్క కంకర మిషను, ఇంకో పక్క రేకుల షెడ్డు. అల్లుడు గోతిలో రాతికి కన్నాలు వేస్తాడు. మేస్త్రీ ఆ కన్నాల్లో మందు కూరి, వత్తులు పెట్టి, పొద్దు వాలాక ముట్టిస్తాడు. వత్తులు ఒకదానికన్నా ఒకటి పొడుగ్గా కోస్తారు, వరసగా ఒకదాని వెనక ఒకటి పేలాలని. కలిసి పేలితే లెక్క దొరకదు. ఎన్ని కన్నాలో అన్ని దెబ్బలు పడితే చెవులయ్య ఈల వేస్తాడు. ఈల వినగానే ముందు అల్లుడు గునపంతో దిగి, వేలాడే రాళ్లు పడగొడతాడు. తర్వాత ఎత్తేవాళ్లు దిగుతారు. ఒక్క దెబ్బ తగ్గినా ఈల వెయ్యకూడదు, పొద్దున దాకా ఎవరూ దిగకూడదు. పేలకుండా మిగిలిపోయినదాన్ని మూగ కన్నం అంటారు. దానికి గునపం మొన తగిలితే చాలు.

అతనికి ముందు లెక్కపెట్టినవాడికి చెవులు బాగానే ఉండేవి. ఒక సాయంత్రం ఎదురు గోడకి తగిలి తిరిగొచ్చిన చప్పుడుని కూడా అతను ఒక దెబ్బ కింద లెక్కేసుకున్నాడు. ఆ రోజు దిగినవాడు, మధ్యాహ్నం చెవులయ్యతో ఒకే గిన్నెలో తిన్నవాడు. అతన్ని దుప్పట్లో పైకి తెచ్చారు. దుప్పటి సగం కూడా నిండలేదు.

ఆ తర్వాత ఈల పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చెవులయ్య పట్టుకున్నాడు. అప్పటికే చెవుల్లో ఒకటే హోరు. మొదటిరోజు భయంతో బండ మీద ఒట్టి కాళ్లతో నిలబడితే, చప్పుడు హోరులో కలిసిపోయినా దెబ్బ మాత్రం రాతిలోంచి అరికాలికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. తట్టి లేపినట్టు. అరికాలికి ఎదురుగోడ మోసం తెలియదు. ఆ రోజు నుంచి అతను చెవులు వదిలేసి కాళ్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. భార్య పోయిన రోజు తప్ప ఏ సాయంత్రమూ ఆ బండ ఖాళీగా లేదు.

కూతురు గడువు పెట్టిన ఆ రోజంతా అతను షెడ్డు నీడలో కూర్చుని, కన్నాల మూతులు బిగించడానికి తడిమట్టి ఉండలు చేశాడు. ఎనిమిది కన్నాలు. మందు కూరేటప్పుడు మేస్త్రీ వెంట గోతిలోకి దిగి, ఉండలు అందించాడు. చివరి కన్నం మూలన ఉంది. దాని అంచున రాయి చెమర్చింది.

"ఈ మూల ఊట ఉంది మేస్త్రీ."

"చూశా. వత్తికి ప్లాస్టిక్ కాగితం చుట్టా," అన్నాడు మేస్త్రీ. మేస్త్రీ పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కోపం వచ్చినా నవ్వొచ్చినా మెడ గోక్కుంటాడు.

అల్లుడు పక్కనే కంప్రెసరు గొట్టం చుట్టుకుంటున్నాడు. చెప్పాలంటే అదే సమయం. చెవులయ్య రెండుసార్లు నోరు తెరిచాడు. అల్లుడు తలెత్తి, "ఏంటి మామా? దాహమా?" అన్నాడు. ఏం లేదని తల ఊపాడు.

పొద్దు వాలింది. రోడ్డు మీద రెండువైపులా ఎర్రజెండాలు పాతారు. కంకర మిషను ఆగింది. లారీలు లైట్లేసుకుని వరసగా నిలబడ్డాయి. మనుషులంతా షెడ్డు వెనక చేరి చెవుల్లో గుడ్డపీలికలు కుక్కుకున్నారు. చెవులయ్య ఒక్కడే గోతి అంచున, నడుమెత్తు గోడ వెనక, ఒట్టి కాళ్లతో బండ మీద నిలబడ్డాడు. తల వంచి పాదాలకేసి చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే. వత్తులు ముట్టించి మేస్త్రీ పరుగున పైకొచ్చి షెడ్డు వెనక్కి పోయాడు.

మొదటిది మడమల్లోంచి మోకాళ్ల దాకా వచ్చింది. రెండోది పెద్దది, పిక్కలు అదిరాయి. మూడోది వేళ్లకే అందింది.

అప్పుడు అతని పాదాల దగ్గర నీడ పుట్టింది.

సూర్యుడు పోయాక నీడేంటి? చూస్తూ ఉండగానే అది పొడుగైంది, పక్కకి తిరిగింది, ఎవరో లాంతరు పట్టుకుని అతని చుట్టూ పరిగెడుతున్నట్టు కాళ్ల కిందికొచ్చి అటు జారింది. బండ పచ్చగా మెరిసింది. చేతులు పచ్చగా ఉన్నాయి. అతను ఇన్నేళ్లలో మొదటిసారి, లెక్క మధ్యలో, తలెత్తాడు.

ఆకాశంలో నిప్పుముద్ద పోతోంది. రాలడం కాదు, అడ్డంగా పోతోంది, ఎక్కడో పనున్నట్టు. నడిమి తెలుపు మీద కళ్లు నిలవడం లేదు. దాని చుట్టూ ఆకుపచ్చ, వెనక ఎర్రటి రవ్వలు. గోతిలో ప్రతి రాయికీ నీడ మొలిచి, ఆ నీడలన్నీ ఒక్కసారిగా పక్కకి తిరిగాయి. నిప్పుముద్ద రెండుగా చీలింది. రెండోది మళ్లీ చీలింది. అతను వెనక్కి ఒక అడుగు వేశాడు. ఒక కాలు గాల్లో ఉండగానే రెండో కాలికి నాలుగోది తగిలింది.

నాలుగే కదా? కాలు గాల్లో ఉన్నప్పుడు ఇంకోటి పోలేదు కదా?

రెండు పాదాలూ బండకి ఆనించి నొక్కాడు. అయిదు. వెలుగు కొండ వెనక ఆరిపోయింది. ఆకాశం మీద గోటితో గీసినట్టు ఒక తెల్లటి గీత మిగిలింది. ఆరు. ఏడు.

ఎనిమిదోదాని కోసం నిలబడ్డాడు. ఎక్కడో తలుపు వేసినట్టు గాలి ఒకసారి అతని రొమ్ముని తోసింది. కాళ్లు ఏమీ చెప్పలేదు. ఇంకా నిలబడ్డాడు. బండ చల్లబడుతోంది, అంతే.

తల తిప్పేసరికి షెడ్డు వెనకనుంచి అందరూ వచ్చేస్తున్నారు, చెవుల్లో పీలికలు లాగేస్తూ, ఆకాశం చూపించుకుంటూ. మేస్త్రీ ఎనిమిది వేళ్లు పైకెత్తి చూపిస్తున్నాడు.

"అయిపోయాయి. ఈల వెయ్యి పెద్దాయనా!"

"ఏడు," అన్నాడు చెవులయ్య.

"ఏడేంటి? ఇప్పుడు పడింది వినలేదా? షెడ్డు రేకులు గలగలలాడితేనూ!"

"అది గోతిలోది కాదు."

"గోతిలోది కాకపోతే నా లారీ టైరా?" అన్నాడు డ్రైవరు.

"పైన పోయిందే, దానిది."

డ్రైవరు పొట్ట పట్టుకున్నాడు. "అది పోయి ఎంతసేపయింది బాబాయ్! దాని చప్పుడు తోవలో ఆగి టీ తాగి వచ్చిందా?"

నవ్వులు. అల్లుడు మాత్రం నవ్వలేదు. నలుగురి ముందూ మామ నవ్వులపాలవడం అతనికి నచ్చలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "మామా, నువ్వు పైకి చూస్తూ నిలబడ్డావు. నేను చూశాగా. అందరం చూశాం. అలాంటిది కనిపిస్తే ఎవడైనా చూస్తాడు. లెక్క తప్పితే తప్పిందను, పరువేం పోదు. నేను దిగుతున్నా."

గునపం తీసుకుని దారి మీద కాలు పెట్టాడు. చెవులయ్య గునపం రెండో కొస పట్టుకున్నాడు.

"వదులు మామా."

"దిగకు."

"అందరూ చూస్తున్నారు. వదులు."

వదల్లేదు. ముసలిచేతుల పట్టు సడల్లేదు. ఇనుము ఇద్దరి మధ్య అటూ ఇటూ ఊగింది. వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతున్నారని వాళ్ల చేతులు చూస్తే తెలిసింది. మేస్త్రీ మెడ గోక్కున్నాడు.

"చూడు పెద్దాయనా, మేం పదిమందిమి విన్నాం. నువ్వొక్కడివి వినలేదంటున్నావు. వినపడలేదని ఒప్పుకో, ఈల నేను వేస్తా."

ఆ మాట అతను మేస్త్రీ పెదాల మీద మొత్తం చదివాడు. తర్వాత అల్లుడి నుదుటి మీద బొప్పి చూశాడు.

"వినపడలేదు," అన్నాడు. "ఎనిమిదోదే కాదు. ఏడోదీ వినపడలేదు. మొదటిదీ వినపడలేదు. నాకసలు ఏదీ వినపడదు."

కదులుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయి. అందరూ విన్నారని అలా తెలిసింది అతనికి.

"ఎప్పట్నించి?" అన్నాడు మేస్త్రీ.

"ఈల పట్టుకున్నప్పటికే సగం. ఈ మధ్య మొత్తం."

"మరి లెక్క?"

అతను వంగి తన పాదం మీద చెయ్యి పెట్టాడు. "దీంతో."

అల్లుడు గునపం వదిలేశాడు. అది చెవులయ్య చేతిలో బరువుగా వాలింది. అల్లుడి మొహంలో రక్తం లేదు. "అంటే నేను రోజూ..." అన్నాడు. గోతికేసి చూశాడు. "నీ కూతురికి తెలుసా?"

"తెలియదు."

ఆ సాయంత్రం అతను ఆడిన అబద్ధం అదొక్కటే.

నిజం చెప్తే నమ్ముతారనుకున్నాడు. అది బెడిసికొట్టింది. మేస్త్రీ మొహం గట్టిపడింది. "ఇన్నాళ్లూ చెవిటోడి ఈలకి మనుషుల్ని దింపానా నేను! ఇంకా ఏడంటావేంటి? నీ లెక్కకి విలువేంటి ఇక?" అల్లుడికేసి తిరిగాడు. "దిగు. ఎనిమిదీ పడ్డాయి. నా చెవులతో విన్నా."

"ఒక్కసారి," అన్నాడు చెవులయ్య. గునపం అడ్డం పెట్టాడు. "ఒక్కసారి కొట్టి చూడండి. నా వెనక, ఎక్కడో రాయి మీద. చెప్పలేకపోతే అప్పుడు దిగు అల్లుడూ. నేనాపను."

బండ మీదికెక్కి, రోడ్డువైపు తిరిగి, కళ్లు మూసుకున్నాడు. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టాడు.

అల్లుడు కోపంగానే సమ్మెట తీసుకున్నాడు. షెడ్డు దాటి, బండ తేలిన చోటికి పోయి, ఎత్తి రెండుసార్లు కొట్టాడు.

"రెండు," అన్నాడు చెవులయ్య.

అల్లుడు ఇంకా దూరం పోయాడు. చీకట్లో మనిషి సరిగా కనిపించడం లేదు.

"మూడు. చివరిది సరిగా పడలేదు, జారింది."

అల్లుడు తన చేతిలో సమ్మెట చూసుకున్నాడు. జారిన మాట నిజమే.

డ్రైవరుకి ఏదో తట్టింది. షెడ్డు స్తంభానికి తాడుతో వేలాడే రైలు పట్టా ముక్క ఉంది, తిండివేళ మోగించేది. జాకీ రాడ్డు తెచ్చి దాన్ని బలమంతా పెట్టి వాయించాడు. ఖణేల్మంది. టీ కాచే ఆవిడ చెవులు మూసుకుంది. దారిన పోయే కుక్క ఎగిరి పక్కకి దూకింది. మళ్లీ వాయించాడు. మళ్లీ. గోతి గోడలు కూడా మోగాయి.

బండ మీద మనిషి కదల్లేదు. కళ్లు మూసుకుని, మెడ కొంచెం ముందుకు వంచి, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.

"కొట్టరేం?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు రాడ్డు కింద పెట్టేశాడు, చప్పుడు కాకుండా. పట్టా ముక్క తాడుకి గుండ్రంగా తిరుగుతోంది.

మేస్త్రీ చాలాసేపు మెడ గోక్కున్నాడు. గోతిలోకి చూశాడు. ఆకాశం మీద చెరిగిపోతున్న గీతకేసి చూశాడు. తనకి తను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "గాల్లో వచ్చే చప్పుడు ఈయనకి అందదు. రాతిలో వస్తేనే అందుతుంది. మనందరికీ అందిన ఎనిమిదోది ఈయనకి అందలేదు." ఆగాడు. "మూల కన్నం. ఊట." గట్టిగా అరిచాడు. "దారికి అడ్డంగా తాడు కట్టండి! ఎవరూ దిగొద్దు! లారీలు ఖాళీగానే పొమ్మనండి, పొద్దున చూద్దాం!"

తర్వాత బండ ముందుకొచ్చి, చెవులయ్య కళ్లు తెరిచేదాకా ఆగి, చెయ్యి చాపాడు.

"ఈల ఇటివ్వు పెద్దాయనా."

చెవులయ్య మెడలోంచి తాడు తీశాడు.

"ఇవాళ నీ లెక్కే నిజమై ఉంటుంది. కానీ రేపు ఎవడో 'పరిగెత్తు' అని అరుస్తాడు, నీకు వినపడదు. నిన్ను గోతి దగ్గర పెట్టుకుని నేను నిద్రపోలేను."

"తెలుసు," అన్నాడు అతను. ఈల లుంగీకి తుడిచి ఇచ్చాడు.

బండ దిగి, ఎవరికేసీ చూడకుండా రోడ్డువైపు నడిచాడు. టీ ఆవిడ "అన్నా, టీ!" అని పిలిచి, పిలిచినందుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను పోతూనే ఉన్నాడు. ఖాళీ లారీలు ఒకటొకటిగా తిరుగుతున్నాయి.

"మామా!" అని అరిచాడు అల్లుడు. "మామా!"

మామ నీడ లారీ లైట్లలో ఊగుతూ పోతోంది. అల్లుడు నాలుగంగల్లో అతని వెనక బండనేల మీదికి వచ్చి, బూటుకాలు ఎత్తి, బలంగా నేల తన్నాడు.

ముసలాయన ఆగాడు. వెనక్కి తిరిగాడు.

 అల్లుడు దగ్గరికి పోయి, అతన్ని రోడ్డు లోపలివైపుకి జరిపి, తను లారీలు పోయే వైపున నడిచాడు. కొంత దూరం పోయాక అడిగాడు. "ఆమెకి తెలుసు కదూ?"

అక్కడ లైట్లు లేవు. చీకట్లో అల్లుడి పెదాలు కనిపించలేదు. అతను నడుస్తూనే ఉన్నాడు.

తెల్లవారాక మేస్త్రీ, అల్లుడు ఇద్దరే దిగారు. మూల కన్నం అలాగే ఉంది, మట్టి ఉండ బిగించినది బిగించినట్టే. వత్తి తడి దాకా కాలి ఆగిపోయింది. దాని వారన, జాగ్రత్తగా, ఇంకో కన్నం వేసి మందు పెట్టి, వత్తి ముట్టించి పైకొచ్చారు. ఈల ఇప్పుడు అల్లుడి మెడలో ఉంది.

షెడ్డు పక్క బండ మీద, రాతిపలక మూత పెట్టిన గ్లాసు ఒకటి ఉంది. రాత్రి టీ ఆవిడ చెవులయ్య కోసం పోసిపెట్టినది. పొద్దున వచ్చి కడగబోయి, మూత తీసి చూసి, మనసొప్పక మళ్లీ పెట్టేసింది. పలక కొంచెం పక్కకి జరిగి ఉంది. ఆ సందులోంచి దుమ్ము పడి, టీ మీద కట్టిన మీగడ బూడిదరంగు తిరిగింది. ముందు ఆ మీగడ సన్నగా వణికింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది.